ఉప్పునీటి మీద నడిచే గొంతు

మీడియం వేవ్ తరంగానికి ఉప్పునీరంటే ఇష్టం. ఎండిన నేల మీదా రాతి కొండల మీదా పోయేకొద్దీ దాని బలం తరిగిపోతుంది. సముద్రం మీదుగా పోతే ఆ తరుగు చాలా తక్కువ. ఉప్పునీరు విద్యుత్తును బాగా మోస్తుంది కాబట్టి అలా జరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం మత్స్యకారుడికి ఆ లెక్కతో పనిలేదు గానీ ఫలితం తెలుసు. భావనపాడు నుంచో, నువ్వలరేవు నుంచో, బారువ నుంచో పడవ కదిలి ఒడ్డు కనుమరుగయ్యాక కూడా, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రబ్బరు బ్యాండు బిగించిన చిన్న ట్రాన్సిస్టర్‌లో విశాఖపట్నం కేంద్రం మాట్లాడుతూనే ఉంటుంది. ఊళ్లో గోడల మధ్య, కరెంటు తీగల కింద గరగరలాడే గొంతు నీటి మీద తేటపడుతుంది.

ఆ గొంతు అందం గురించి చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఆకాశవాణిని సంస్థగా చూసి చరిత్ర రాసినవారున్నారు, లోపాలు ఎంచినవారున్నారు. దాన్ని రసదృష్టితో విన్నవారు తక్కువ. పద్యానికి, కీర్తనకు, నాటకానికి మనం ఇచ్చే చెవిని ఒక వాతావరణ హెచ్చరికకు, ఒక ఉత్తరాల కార్యక్రమానికి ఇచ్చి చూడండి. అక్కడ ఒక శిల్పం ఉంది. లాభం కోసం కాకుండా అందరికోసం మాట్లాడవలసి రావడం వల్ల పుట్టిన శిల్పం అది. ఎక్కడో చివర కూర్చున్న మనిషికి అందాలి అన్న ఒకే ఒక్క షరతు ఆ గొంతును చెక్కింది.

పలాసకు నైరుతి దిక్కున విశాఖ, ఈశాన్యంలో కటక్. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద, కటక్ 972 మీద. అవే మూడు అంకెలు, స్థానాలు మారాయంతే. డయల్ మీద ముల్లు వెంట్రుకవాసి జరిగితే తెలుగు కాస్తా ఒడియా అవుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపు ఒకే వీధిలో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి ముల్లు పొరపాటున జరిగినా ఎవరూ పరాయిచోట పడ్డట్టు ఉలిక్కిపడరు. ట్రాన్సిస్టర్ లోపల, తీగ చుట్టిన నల్లటి ఫెరైట్ కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే ఏంటెనా. కడ్డీ కొన కేంద్రం వైపు తిరిగితే గొంతు సన్నగిల్లి మాయమవుతుంది. కడ్డీ అడ్డంగా నిలిస్తే నిండుగా పలుకుతుంది. ఉద్దానానికి రెండు కేంద్రాలూ తీరం గీత మీదే అటొకటి ఇటొకటి ఉన్నాయి. కడ్డీ ఒక కొన మహేంద్రగిరిని, మరో కొన సముద్రాన్ని చూస్తే రెండూ బాగా వస్తాయి. అంటే సెట్టు ముఖమో వీపో విశాఖ వైపు ఉండాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అరుగు మీద సెట్టు పెట్టిన చెయ్యి దానంతట అదే ఆ కోణానికి తిప్పి వదిలేస్తుంది. సహృదయుడికి ముందుగా మనసు సిద్ధపడాలని ఆలంకారికులు చెప్పారు. రేడియో శ్రోతకు ఆ సిద్ధపాటు మణికట్టు దగ్గర మొదలవుతుంది.

తెల్లవారుజామున మొట్టమొదట వచ్చేది మాట కాదు, ఆకాశవాణి పరిచయ సంగీతం. చెక్ దేశం నుంచి హిట్లర్ నీడ తప్పించుకుని వచ్చి బొంబాయి కేంద్రంలో పనిచేసిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతజ్ఞుడు 1936 ప్రాంతంలో దాన్ని కూర్చాడు. అడుగున తంబుర, పైన వయొలిన్, శివరంజని ఛాయ. మద్దెల దెబ్బ లేదు, తాళం లేదు. ఎవరినో తట్టి లేపుతున్నట్టు ఉండదు. లేచి ఉన్నవాళ్లను పలకరిస్తున్నట్టు ఉంటుంది. వయొలిన్ ఒక్కసారి పైకి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, దిగుతుంది. దిగేటప్పుడు వేగం పెరగదు. నాలుగు దిక్కులా ఉన్న కోట్ల మంది ఒకేసారి వినబోయే సంగీతాన్ని ఇంత ఒంటరిగా కూర్చాలన్న ఆలోచన ఆయనకు ఎలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. సొంత ఊరు వదిలి వచ్చినవాడి చెవి అది. దూరం ఎలా ధ్వనిస్తుందో దానికి తెలుసు. ఉద్దానం మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు, కోల్‌కతాకు, చెన్నైకి కూలికి వెళ్లిపోయిన ఇళ్లలో, చీకటితోనే లేచి పొయ్యి రాజేసే ఆడవాళ్ల చెవుల్లో ఆ వయొలిన్ ఏం పలికి ఉంటుందో రాగలక్షణాలు చెప్పలేవు.

తరువాత వందేమాతరం, మంగళవాద్యం, ఆ పైన ప్రకటన. ఆకాశవాణి, విశాఖపట్నం కేంద్రం. మీటర్లలో తరంగదైర్ఘ్యం, కిలోహెర్ట్జ్‌లో పౌనఃపున్యం. 927 కిలోహెర్ట్జ్ తరంగం ఒక్కోటి సుమారు 323 మీటర్ల పొడవు. అంత పొడుగు తరంగానికి కొబ్బరితోటలు అడ్డం కాదు, చిన్నా చితకా మెట్టలు అడ్డం కాదు. నేలను పట్టుకుని వంగుతూ సుమారు 180 కిలోమీటర్ల రోడ్డు దూరంలో ఉన్న పలాసకూ చేరుతుంది, ఆ పైనా పోతుంది. శాస్త్రం ప్రకారం చేరవలసింది తరంగమే. దాని మీద కూర్చున్న మాట కూడా చెక్కుచెదరకుండా చేరాలంటే ప్రకటనకర్త ఏం చేయాలి? ఇక్కడే కళ మొదలవుతుంది.

వినండి. గరగర మధ్య కూడా నిలబడాలి కాబట్టి అచ్చుల్ని కొంచెం సాగదీస్తారు. వత్తుల్ని మింగరు. అంకె చెప్పే ముందు రవ్వంత ఆగుతారు. ఊరి పేరు చెప్పాక ఇంకొంచెం ఎక్కువ ఆగుతారు. ఆ ఆగడంలో వినేవాడు ఆ ఊరిని తలుచుకుంటాడు. రంగస్థల నటుడు చివరి వరుస కోసం గొంతు పెంచుతాడు. రేడియో మనిషి చివరి శ్రోత కోసం గొంతు తగ్గించి, నిదానం పెంచుతాడు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన ఏడిద గోపాలరావు గొంతులో ఈ గుణం ఉండేది. విజయవాడలో ఆదివారం మధ్యాహ్నాలు ఉషశ్రీ ధర్మసందేహాలు చెబుతుంటే, అవతల ఎవరో ఒకరే కూర్చుని ఉన్నారని, ఆ ఒక్కరికోసమే ఆయన విసుక్కుంటున్నారని, లాలిస్తున్నారని అనిపించేది. వేలమందికి చెబుతున్నట్టు ఒక్కసారీ అనిపించలేదు. వేదిక మీది ఉపన్యాసానికి అలవాటుపడ్డ మన జాతికి చెవి దగ్గర మాట్లాడడం నేర్పినది రేడియోయే.

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమాన్ని పాట కోసం మాత్రమే వినేవాళ్లు సగమే విన్నట్టు. పాటకు ముందు చదివే పేర్లు వినాలి. కోరినవారు ఫలానా ఊరి నుంచి ఫలానావారు, వారి మిత్రబృందం, పిల్లలు, పక్క ఊరివారు. కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, హరిపురం, నౌపడ. పటంలో చిన్న చుక్కలుగా కూడా కనపడని ఊళ్లు ఒక్కొక్కటే గాలిలో పైకి లేస్తాయి. ఒక పోస్టుకార్డు మీద ఎవరో బాల్ పెన్నుతో రాసిన పేరు, చదువుకున్న గొంతులో, గౌరవవాచకం చేర్చుకుని తిరిగివస్తుంది. సెట్టు ముందు కూర్చున్న మనిషి పాట మొదలయ్యాక కూడా పాట వినడు. ఊరి పేరు ఎలా పలికారో ఇంకొకసారి తనలో తను అనుకుంటాడు. మన ప్రబంధాల్లో పురవర్ణనలు ఉన్నాయి. అవి రాజధానులకు. నౌపడ ఉప్పుమళ్ల పక్కన ఇంటికి ఇలాంటి కీర్తన ఇంకెవరు పాడారు?

ఇప్పుడు హెచ్చరికల సంగతి. ఆకాశవాణి కళకు శిఖరం ఏదని అడిగితే నేను నాటకాలు, సంగీతరూపకాలు పక్కన పెట్టి తుపాను బులెటిన్ చూపిస్తాను. దాని నిర్మాణం గమనించండి. మొదట సముద్రంలో వాయుగుండం ఎక్కడుంది, కళింగపట్నానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఏ దిక్కున. ఆ పైన అది ఎటు కదులుతోంది. ఆ పైన ఎప్పుడు, ఎక్కడ తీరం దాటవచ్చు. గాలి వేగం. అలల ఎత్తు. ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు. చివర, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. వెళ్లినవారు వెంటనే తిరిగి రావాలి. విశేషణం ఒక్కటి ఉండదు. ఘోరం, భీకరం, విలయం అన్న మాటలు కనపడవు. దూరం నుంచి దగ్గరకు, ఆకాశం నుంచి నీటికి, నీటి నుంచి పడవకు, పడవ నుంచి మనిషికి దిగుతుంది వాక్యం. చివరి వాక్యానికి వచ్చేసరికి అది ఒక్కరితో మాట్లాడుతోంది. భయానక రసాన్ని ఇంత నిగ్రహంతో నడిపిన రచన తెలుగులో అరుదు. రాసినవారి పేరు ఎవరికీ తెలియదు.

మంచినీళ్లపేట ఇసుకలో వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, కాస్త దూరంలో సెట్టు పట్టుకున్న మనవణ్ని అడగడం విన్నాను.

“ఏటి సెప్పినాడ్రా?”

“మూడో నెంబరంట తాతా. కళింగపట్నంలో.”

“ఎన్నిసార్లు సదివినాడు?”

“రెండుసార్లు. మళ్లీ సదువుతాడంట.”

“అయితే లెగు. తెప్ప పైకి లాగీయాల.”

సందేశం కంటే దాన్ని ఎన్నిసార్లు చెప్పారన్నది ఆయనకు ముఖ్యం. పల్లవి మళ్లీ వచ్చిందంటే దానికి అర్థం ఉంటుందని తెలిసిన రసికుడు ఆయన. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలి ఉద్దానం కొబ్బరిని, జీడిని, పనసను వేళ్లతో సహా లేపేసింది. తరతరాల తోటలు కొన్ని గంటల్లో నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, సెల్ టవర్లు మూగబోయాయి, ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి దీపం లేదు. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే పెట్టెకు అవేవీ అక్కర్లేదు. ఆ చీకట్లో, పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో, విశేషణాలు లేని ఆ గొంతు ఎలా వినబడుతుందో తలుచుకుంటే, నిదానంగా చదవడమన్న కళకు అసలు రంగస్థలం అదేననిపిస్తుంది.

ఈ గొంతు అంత దూరం రావడానికి చాలా కాలం పట్టింది. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి మరికొందరు ఔత్సాహికులతో కలిసి మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టారు. లాభాపేక్ష లేని ప్రసారానికి మన దేశంలో తొలి అడుగుల్లో అదొకటి. అప్పటికి టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో, అదే ప్రెసిడెన్సీలో ఉన్నాయి. వాళ్ల చిన్న ట్రాన్స్‌మిటర్ మాట ఇంత ఉత్తరానికి వచ్చే మాటే లేదు. డబ్బు చాలక 1927లో క్లబ్ ఆగిపోయింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ ప్రసారాన్ని మళ్లీ ఎత్తుకుంది, 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఆరు కేంద్రాలు. వాటి ప్రసారం దేశ విస్తీర్ణంలో రెండున్నర శాతానికి, జనాభాలో 11 శాతానికి మాత్రమే అందేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. కటక్ కేంద్రం కూడా ఆ ఏడే మొదలైంది. ఉద్దానానికి విజయవాడ కంటే కటక్కే దగ్గర. 1963 ఆగస్టు 4న విశాఖ కేంద్రం వచ్చేదాకా, ఇక్కడి శ్రోతకు తెలుగు దూరం నుంచి, ఒడియా దగ్గర నుంచి వినబడింది. ఇవాళ ఆకాశవాణి 23 భాషల్లో, 179 మాండలికాల్లో, దేశ జనాభాలో 99 శాతానికి పైగా అందుతుందని సంస్థ లెక్క. 1997 నవంబర్‌లో అది ప్రసార భారతి కిందికి వచ్చింది.

ఆ పెరుగుదలలో ఈ ప్రాంతం పాలు ఒకటుంది. పలాసకు సుమారు 75 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న బరంపురంలో 1905లో పుట్టిన న్యాయపతి రాఘవరావు తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య అయ్యాడు. భార్య కామేశ్వరి విజయనగరం మనిషి, రేడియో అక్కయ్య. మద్రాసు కేంద్రంలో, తరువాత హైదరాబాదులో వాళ్లిద్దరూ పిల్లలతో మాట్లాడిన తీరు తెలుగు ప్రసారానికి ఒక మర్యాద నేర్పింది. పిల్లలకు చెప్పడం కాదు, పిల్లల చేత చెప్పించడం. మైకు ముందు పిల్లవాడు తడబడితే ఆ తడబాటును ఉంచేయడం. తరువాత వచ్చిన ఎన్నో కార్యక్రమాల్లో నేను వెతికేది ఆ తడబాటునే. దాన్ని కత్తిరించి పారేసినచోట గొంతు నున్నబడి, మనిషి కనపడకుండా పోతాడు.

విశాఖ కేంద్రం పుట్టిన నెలలోనే గిడుగు రామమూర్తి శతజయంతి కూడా వచ్చింది. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, జనం మాట్లాడే తెలుగే రాతకూ తగినదని జీవితమంతా పోరాడాడు. అడవిలోని సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. ఆయన 1940లో కన్నుమూశాడు. ఆయన వ్యవహార భాషా వాదానికి పెద్ద విజయం రేడియో ద్వారా వచ్చింది. గ్రాంథికం చదివితే సెట్టు ముందు ఎవరూ కూర్చోరు. పొలం పనులు చెప్పేవాడు రైతుకు అర్థమయ్యేట్టు చెప్పి తీరాలి, లేకపోతే ఆ అరగంట వృథా. వ్యవహార భాషకు పండితసభల్లో దొరకని పట్టం మైకు ముందు దానంతట అదే దొరికింది.

అయితే మైకు ముందు నిలబడిన ఆ వ్యవహార భాష ఎవరిది? ఈ విషయంలో నాకు కొంచెం బాధ ఉంది. వార్తల్లో, ప్రకటనల్లో వినబడేది మధ్య కోస్తా చదువుకున్నవారి తెలుగు. ‘ఏటి’, ‘నాను’, ‘ఎల్లిపోనాడు’ అనే ఉద్దానం నోరు రేడియోలోకి పాటగానో కథగానో మాత్రమే వచ్చింది, వేషం కట్టి వచ్చింది. అయినా ఆ వచ్చినంతమేరా ఎంత గొప్పగా వచ్చిందో చెప్పకపోతే అన్యాయం. జముకుల కథనే తీసుకోండి. జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన డొల్ల వాయిద్యం, తోలు మధ్య నుంచి ఒక తీగ. వాద్యకారుడు డొల్లను చంకలో ఇరికించుకుని ఒక చేత్తో తీగను లాగి బిగిస్తూ, వదులుతూ, రెండో చేత్తో మీటుతాడు. ఒకే మీటులో స్వరం కింద నుంచి పైకి జారిపోతుంది. మేళకర్తలో దానికి చోటు లేదు. ఏడుస్తున్న మనిషి గొంతులో మాట మధ్యలో విరిగి పైకి లేచినట్టు ఉంటుంది. పక్కన వంతపాట. కథకురాలి ప్రశ్నకు జముకు జవాబు చెబుతుంది. సభలో చూస్తే కంటికి గజ్జెలు, చీరలు, అడుగులు అడ్డం వస్తాయి. రేడియోలో జముకు ఒక్కటే మిగులుతుంది. నాకు ఆ వాయిద్యం నిజంగా అర్థమైంది చూసినప్పుడు కాదు, విన్నప్పుడు. తప్పెటగుళ్లకు దీనికి విరుద్ధమైన చిక్కుంది. గుండె మీద కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ ఎగిరి గంతేసే ఆట అది, కంటికే సగం విందు. కానీ గాలిలో ఉన్న క్షణంలో తప్పెట ఆగి, కాళ్లు నేలకు తగలగానే గజ్జె, తప్పెట ఒకేసారి పడతాయి. ఆ ఖాళీలో చెవి దూకుడంతా చూసేస్తుంది.

మైకు జనం చేతికే వస్తే ఏమవుతుందో చూడాలంటే జహీరాబాద్ వైపు వెళ్లాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ మాట నేల మీదికి రావడానికి పదమూడేళ్లు పట్టింది. పాత మెదక్ జిల్లా మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1998 నుంచే కార్యక్రమాలు రికార్డు చేస్తూ, లైసెన్సు లేక క్యాసెట్లుగా సంఘం సమావేశాల్లో వినిపించుకుంటూ వచ్చారు. 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చాక, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 ఎఫ్‌ఎంలో పలికింది. నాటి తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంతే దాన్ని ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపారు. సాయంత్రం రెండు గంటలు. చిరుధాన్యాల విత్తనాలు, పశువుల రోగాలు, బతుకమ్మ పాటలు, ముసలమ్మల వైద్యం.

సంఘం రేడియో ధ్వనిలో నన్ను పట్టేసింది దాని గది. స్టూడియో గోడలు మింగేసిన నిశ్శబ్దం కాదది. మాట్లాడుతున్న మనిషి వెనక మరో మనిషి ఊపిరి ఉంటుంది, గాజుల చప్పుడు ఉంటుంది, ఒకావిడ చెబుతుంటే ఇంకొకావిడ “అవునవ్వా” అంటుంది. చెప్పే మాటకు ఊఁ కొట్టే మనిషి పక్కనే ఉండడం మన కథా సంప్రదాయం. పెద్ద కేంద్రాల స్టూడియోల్లో ఆ ఊఁ ఎప్పుడో పోయింది. మాచనూరులో తిరిగి వచ్చింది. జొన్న రకం పేరు చెప్పేటప్పుడు ఆ ఆడవాళ్లు సాగదీసే అచ్చు, విశాఖ ప్రకటనకర్త కళింగపట్నం అనేటప్పుడు సాగదీసే అచ్చు, రెండింటి వెనకా ఒకే శ్రద్ధ ఉంది. విశాఖది చివరి మనిషి దాకా వెళ్లే గొంతు. మాచనూరుది చివరి మనిషి గొంతే. రేడియో రసం పూర్తికావాలంటే రెండూ ఉండాలి.

ఉద్దానానికి మొదటిది వచ్చింది. రెండోది కావాలి. ఎవరి కోసమో నాకు స్పష్టంగా కనబడుతోంది. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో ఆడవాళ్లు వరసలుగా కూర్చుని పప్పు మీది పొట్టు తీస్తారు. పిక్క కొట్టేటప్పుడు అంటుకునే జీడి నూనెకు వేళ్లు నల్లబడి చర్మం ఊడుతుంది. పొట్టు తీసేటప్పుడు పప్పు విరగకూడదు, విరిగితే ధర తగ్గిపోతుంది. కళ్లూ చేతులూ పూర్తిగా పనిలో ఉంటాయి, చెవి ఒక్కటే ఖాళీ. ఇంతకంటే శ్రద్ధగల శ్రోత ఎక్కడ దొరుకుతుంది? ఇంకొకరున్నారు. మూత్రపిండాల జబ్బు ఉద్దానంలో ఇంటింటి మాట. పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ కేంద్రాల్లో ఒక్కో విడత నాలుగు గంటల దాకా చెయ్యి కదపకుండా పడుకోవాలి, వారానికి రెండు మూడుసార్లు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వచ్చాయి. ఏ నీళ్లు తాగాలి, ఏ మాత్రలు మింగకూడదు, క్రియాటినిన్ అంకె అంటే ఏమిటి అన్నవి, ఆ మంచం మీద పడుకుని లేచినవాడి నోటితో, ‘నాను’ అనే నోటితో వినబడితే ఆ మాటకుండే బరువు వేరు.

నిబంధనలు తెలిసినవే. కమ్యూనిటీ రేడియో ప్రసార బలం 100 వాట్లు, స్తంభం 30 మీటర్లకు మించకూడదు, కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి. సొంత వార్తలు చెప్పడానికి వీల్లేదు, ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు అందించవచ్చు. ఈ నిషేధం నాకు నచ్చదు. సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల్ని థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి కాపాడుకోవడం కోసం 2010, 2011ల్లో జనం ప్రాణాలిచ్చిన నేల ఇది. తమ ఊరి సంగతి తమ రేడియోలో చెప్పుకోలేకపోవడం అన్యాయమే. అయినా మొదలుపెట్టడానికి ఉన్నది చాలు. ఎఫ్‌ఎం తరంగం మూడు మీటర్ల పైచిలుకు పొడవు, మీడియం వేవ్‌లా నేలను పట్టుకుని వంగదు, చూపు ఆనిన మేరకే పోతుంది. ఎదిగిన కొబ్బరి 20 మీటర్లు దాటుతుంది. కాబట్టి స్తంభాన్ని తోట నడుమ కాక కంచిలి, మందస వైపు కాస్త ఎత్తున ఎక్కడో నిలపాలి. స్టూడియో గోడలకు ఖరీదైన పలకలు కొనక్కర్లేదు, ఊళ్లో కావలసినంత కొబ్బరి పీచు ఉంది. రికార్డింగు నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠంగా జముకు కథ ఒకటి రాత్రంతా పట్టుకోమనాలి, తడబాట్లు, దగ్గులు, ఊఁలు దేన్నీ కత్తిరించకుండా. తుపాను రోజుల్లో విశాఖ బులెటిన్ అందుకుని, అది అయిపోగానే అదే మాటను మంచినీళ్లపేట పెద్దాయన చేత ఆయన భాషలో మళ్లీ చెప్పించాలి, రెండుసార్లు.